రాగి రేకు మీద గోళ్ళ రంగు

మొన్న నా ఫోను చార్జింగ్ ఎక్కడం మానేస్తే మా వీధి చివరి కొట్టుకి తీసుకెళ్ళాను. కొట్టాయన దాని వీపు విప్పి, కంటికి భూతద్దం తగిలించుకుని, సోల్డరింగ్ ఐరన్ మొనని చిన్న డబ్బాలోని తేనెరంగు ముద్దలో అద్దాడు. సన్నటి పొగ లేచింది.

"కొంచెం ఎనక్కి జరగండమ్మా, మీకీ పొగ పడదు," అన్నాడు.

నేను ఇంకాస్త ముందుకి వంగాను. టంకం పట్టడానికి వాడే ఆ ముద్దని ఫ్లక్స్ అంటారు, దాని పొగకి చాలామందికి దగ్గొస్తుంది. నాకు మాత్రం ఆకలేస్తుంది. ఆదివారం మధ్యాహ్నం, వెనక పెరట్లో నెత్తళ్ళ చేపలు వేగుతున్న వాసన, వాన పడి ఆగిన మట్టి, వాటన్నిటి మధ్యలోంచి ఈ పొగ. నా పన్నెండేళ్ళ వయసంతా ఈ వాసనలోనే గడిచింది.

అప్పుడు మేం కంచరపాలెంలో, రైలు పట్టాలకి కూతవేటు దూరంలో పెంకుటింట్లో ఉండేవాళ్ళం. గూడ్సుబళ్ళు ఇనుప ఖనిజం నింపుకుని పోర్టుకి పోతుంటే వంటింటి గూట్లో గ్లాసులు ఒకదాన్నొకటి తట్టుకునేవి. పొద్దున్న ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి లేత ఎరుపుకి తిరిగేది. అమ్మ ఆ దుమ్ముని దులుపుతూ రైలుని, ఇంజనుని, అది నడిపేవాణ్ణి, వాణ్ణి కన్నవాళ్ళని వరసగా తిట్టేది. తిట్టడంలో అమ్మకి అలుపుండేది కాదు. పైకి గట్టిగా కాదు, గొణుగుతూ. పప్పు మెదుపుతున్నా, మంచం వాలుస్తున్నా ఆ గొణుగుడు సాగుతూనే ఉండేది.

నాన్న పోర్టులో ఖలాసీ. జెట్టీ మీద వేగన్లని ఒకదానికొకటి తగిలించే పని. మనిషి ఎత్తరి, మాట తక్కువ. నాకు ఊహ తెలిసేసరికే తక్కువ, తరవాత తరవాత ఇంకా తగ్గిపోయింది.

ఆ ఇంటికి ఒకరోజు రేకు పెట్టె భుజాన పెట్టుకుని చిన్న మావయ్య వచ్చాడు. అమ్మకి ఆఖరి తమ్ముడు. ఐటీఐలో రేడియో పని నేర్చుకుని, పల్లెలో ఆ పని లేక, మా జంక్షన్ దగ్గర రేడియోలు బాగుచేసే కొట్టులో కుదిరాడు. పెట్టెలో రెండు జతల బట్టలు, అడుగున మాత్రం కిలోల కొద్దీ రేడియో సామాను. కొట్టులో పగలంతా రేడియోలు విప్పినా ఆయనకి తనివి తీరేది కాదు. ఇంటికొచ్చి ఇంకేదో తయారు చేస్తూ కూర్చునేవాడు. తలుపు కొడితే పాడే పిట్ట, నీళ్ళు నిండితే కూసే కుండ. ఏదీ ఎవరికీ అక్కర్లేనివే. కానీ అవి పనిచేసినప్పుడు ఆయన మొహం చూడాలి.

వాటికి వైర్లు పెట్టి చిక్కుముడిలా కట్టడం ఆయనకి నచ్చేది కాదు. "కొన్న రేడియోలో ఎలగుంటాదో అలగే ఉండాల," అనేవాడు. అంటే బోర్డు ఇంట్లోనే చేసుకోవాలి. ఒకపక్క రాగి రేకు అతికించిన అట్టముక్కలాంటిది దొరుకుతుంది. ఆ రాగి మీద మనకి కావలసిన దారులు రంగుతో గీసి మందునీళ్ళలో వేస్తే, రంగు కింద దాక్కున్న రాగి మిగిలి తక్కిందంతా కరిగిపోతుంది. రంగు చెరిపేస్తే రాగి గీతలు. ఆ గీతల్లోనే కరెంటు నడుస్తుంది.

చిక్కల్లా గీయడంలో వచ్చింది. చిన్నప్పుడు చెరకు గానుగలో పడి మావయ్య కుడిచేతి వేళ్ళు రెండు నలిగిపోయాయి. అవి వంగవు. ఐరన్ పట్టుకోగలడు, స్క్రూ తిప్పగలడు. సన్నటి గీత మాత్రం వణికిపోయి పక్కగీతకి అంటుకునేది. ఒకరోజు నేను వాకిట్లో ముగ్గు వేస్తుంటే వెనక నిలబడి చాలాసేపు చూశాడు.

"గుంటా, నీ సెయ్యి నాకు అరువియ్యే," అన్నాడు.

అలా మొదలైంది. ముందు రేకుని బూడిద, చింతపండు పెట్టి తోమేదాన్ని. అప్పుడే కొన్న చెంబులా మెరిసేది. "సింతపండు పులుసుకి తెచ్చినానా, మీ రేకులకి తెచ్చినానా?" అని అమ్మ కేకలు. గీయడానికి గోళ్ళ రంగు. పక్కింటి అక్కకి పెళ్ళి కుదిరింది, ఆమె గూట్లో ఎర్రటి సీసా ఉండేది. నాలుగు చుక్కలు కావాలని వెళ్ళి సగం సీసా ఒంపుకొచ్చేదాన్ని. పెళ్ళినాటికి ఆమెకి ఒకచేతి గోళ్ళకే సరిపోయింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది కానీ, అప్పుడు నా గీతలే నాకు పెళ్ళి. కొబ్బరి ఈనె మొన చెక్కి, రంగులో ముంచి, ఊపిరి బిగబట్టి గీసేదాన్ని. ముగ్గులో గీత గీతని దాటితేనే అందం. ఇక్కడ మాత్రం ఒకదాన్నొకటి ముట్టుకుంటే కొంపమునిగినట్టే. ఆ తేడా నా వేళ్ళకి అలవాటవడానికి నెల పట్టింది.

మందునీళ్ళంటే ఫెర్రిక్ క్లోరైడ్. పసుపు గడ్డలుగా వచ్చేది, గోరువెచ్చటి నీళ్ళలో వేస్తే చిక్కటి కాఫీ రంగు. చేతికి అంటితే వారం దాకా పోదు. బట్టకి అంటితే ఇక పోనే పోదు. నాకున్న రెండు యూనిఫాం జతల మీదా ఆ మచ్చలే.

ఒకసారి ప్లాస్టిక్ తొట్టికి చిల్లు పడితే, అమ్మ ఇంట్లో లేదని ఆమె స్టీలు బేసిన్ తీసి అందులో కలిపాం. అది అమ్మ పెళ్ళికి పెద్ద మావయ్య పెట్టింది, అంచు మీద అమ్మ పేరు చెక్కించి మరీ. మందునీళ్ళు రాగినే తింటాయని మావయ్య ధీమా. రెండు గంటల తరవాత చూస్తే బోర్డు సగమే కరిగింది గానీ బేసిన్ మాత్రం మసిబారి, అడుగంతా అమ్మవారు పోసినట్టు గుంటలు పడింది. ఒంచేటప్పుడు అంచు మీదుగా కారి అమ్మ పేరులో సగం అక్షరాలు కూడా పోయాయి.

అమ్మ వచ్చి బేసిన్‌ని ఎత్తి వెలుతురుకి తిప్పి చూసింది.

"స్టీలుకి తుప్పట్టదని సెప్పి కదరా అన్నయ్య పెట్టినాడు! ఏటి పోసినార్రా దీన్ల?"

"ఊరుకో అక్కా. అక్కడ స్టీల్ ప్లాంటు కడతన్నారు కదా. ఇంక బేసిన్లే బేసిన్లు," అన్నాడు మావయ్య.

అమ్మ చీపురు వెతుక్కునేలోపు మేమిద్దరం పట్టాల అవతల ఉన్నాం. సాయంత్రం ఆకలేసి తిరిగొస్తే కంచాల్లో అన్నం వడ్డించి ఉంది. అమ్మ కోపం ఎప్పుడూ కంచం దాకా రాలేదు.

ఆ గొడవలో కూడా నాన్న ఒక్క మాట అనలేదు. అరుగు మీద బీడీ కాలుస్తూ పట్టాల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఏదో ఒకటి అంటే బాగుండునని నాకనిపించింది.

నాన్న మౌనం గురించి పెద్దవాళ్ళు మాట్లాడుకోవడం అప్పటికే మొదలైంది. పక్కింటి పెద్దమ్మ, అమ్మ కలిసి పెరట్లో చేపలు తోముతూ ఉండేవారు. నేను బూడిద తెచ్చే వంకతో అక్కడే తచ్చాడేదాన్ని.

"ఓలె సెల్లీ, మీ ఆయన మనిషి మారిపోనాడే. మొన్న గుమ్మంలోంచి పిలిస్తే తలైనా తిప్పకుండా ఎల్లిపోనాడు."

"నాతోనే మాటాడడు. ఇంక నీతోటేటి మాటాడతాడు?"

"ఎవులో మందెట్టేసుంటారు. సూసుకో మరి. నాను సెప్తన్నాను."

కత్తిపీట మీద అమ్మ చేతిలో చేప ఆగిపోయింది. ఆ వారమే నాన్న దండకి తాయెత్తు వచ్చింది. నాన్న దానికీ ఏమీ అనలేదు. కానీ అమ్మ ఆ తరవాత నాన్న చొక్కాలు ఉతికేముందు వాసన చూడడం నేను చూశాను. ఎందుకో అప్పుడు తెలియలేదు. తెలిశాక అమ్మ మీద జాలేసింది.

వానాకాలం మొదట్లో ఒక సాయంత్రం నేనూ నాన్నా రేషన్ డిపో నుంచి వస్తున్నాం. నాన్న భుజాన బియ్యం మూట, నా చేతిలో కిరసనాయిలు డబ్బా. అందరిలాగే మేమూ పట్టాల మీదుగా అడ్డదారిన నడిచేవాళ్ళం. నాన్న పది అడుగులు ముందున్నాడు. వెనక మలుపులోంచి ఇంజను ఒకటి వేగన్లని తోసుకుంటూ నెమ్మదిగా వస్తోంది. కూత వేసింది. నాన్న పట్టాల మధ్యే నడుస్తున్నాడు. మళ్ళీ కూత. నేను "నాన్నా" అని అరిచాను. ఇంకో రెండుసార్లు అరిచాను. ఆయన నడక మారలేదు. డబ్బా ఎక్కడ పడేశానో తెలియదు. పరిగెత్తి రెండు చేతులతో చొక్కా పట్టుకుని పక్కకి లాగేశాను. ఇద్దరం కంకర మీద పడ్డాం. మూట పగిలింది. ఎర్రటి వేగన్లు ఒకటొకటిగా మా మొహాల ముందు నుంచి పోతూనే ఉన్నాయి.

అవి పోయాక నాన్న నా మొహంలోకి చూశాడు. కళ్ళలోకి కాదు, పెదాల వైపు.

"పిలిసేవా?"

"మూడుసార్లు పిలిచాను నాన్నా."

"సెవిలో గుబిలి పట్టేసినాదే. అంతే."

ఇద్దరం కంకరలోంచి బియ్యం ఏరుకున్నాం. ఏరిన గింజలు నా వేళ్ళలోంచి జారిపోతున్నాయి. నాన్న అది చూసి నా వేళ్ళు పట్టుకుని ఆపాడు. అప్పుడు చెప్పాడు.

"గుబిలి కాదులే. కుర్రతనంల ఓడల్లో తుప్పు కొట్టే పనికెల్లినాను, పోర్టుల కుదరక ముందు. ఇనప గదిలో కూకుని పొద్దల్లా సుత్తితో కొట్టడమే. సగం అప్పుడే పోనాది. మిగతాది ఇప్పుడు పోతన్నాది. మీ అమ్మకి సెప్పకు. పోర్టుల తెలిస్తే మెడికల్‌కి పంపుతారు. పనిలోంచి తీసేత్తారు."

ఇంటికెళ్ళాక అమ్మ బియ్యంలో రాళ్ళు చూసి గొణిగింది. "రేషన్ బియ్యం మరి," అన్నాన్నేను. నాన్న నా వైపు చూసి కళ్ళు దించుకున్నాడు.

అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అందరూ నవ్వాక, వాళ్ళ మొహాలు చూసి, ఒక్క క్షణం ఆలస్యంగా నాన్న నవ్వడం. ఇంట్లో రేడియో పెట్టడం మానేయడం. పక్కన కూర్చోకుండా ఎప్పుడూ ఎదురుగా కూర్చోవడం. ఇవన్నీ రోజూ చూస్తూనే ఉన్నాను, ఒక్కటీ అర్థం చేసుకోలేదు.

రెండు రోజులు ఆగాను. మూడోరోజు మావయ్యకి చెప్పేశాను. అమ్మకి చెప్పొద్దన్నాడు గానీ మావయ్యకి వద్దనలేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మావయ్య ఐరన్ పక్కన పెట్టేశాడు.

"బావ నాతో మాటాడనప్పుడల్లా, నాను ఈ ఇంట్ల ఉండడం బావకి ఇష్టం లేదనుకున్నానే," అన్నాడు. "వచ్చే నెల గది సూసుకుందారనుకున్నాను."

ఆయన కళ్ళు తడిశాయి. నేను మొహం తిప్పుకున్నాను.

మర్నాడు అరుగు మీదున్న నాన్న వెనక నిలబడి మావయ్య "బావా" అన్నాడు. ఓ అడుగు ముందుకేసి మళ్ళీ "బావా" అన్నాడు. చేతికందే దూరంలోకి వచ్చాక నాన్న వెనక్కి తిరిగాడు. మావయ్య నా దగ్గరికొచ్చి చెవిలో చెప్పాడు. "పూర్తిగా పోలేదే. పెద్దది సేసి ఇనిపిస్తే సాలు."

ఆయన దగ్గర పాత ఎలక్ట్రానిక్స్ పుస్తకాలు కట్ట ఉండేది. ఇంగ్లీషు అంతగా రాదు, బొమ్మలు మాత్రం కథల పుస్తకంలా చదివేవాడు. అందులో చెవి మిషను బొమ్మ ఒకటి దొరికింది. నాలుగు ట్రాన్సిస్టర్లు, రెండు పెన్ను సెల్స్. కొట్టులో చచ్చిపోయి పడున్న టేప్ రికార్డర్‌లోంచి గుండీ అంత మైకు పీకి తెచ్చాడు. చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్ ఒకటి పాత జేబు రేడియోది. అన్నీ కలిపి సబ్బుపెట్టెలో పట్టాలి, నాన్న చొక్కా జేబులో కూర్చోవాలి. అంటే బోర్డు అగ్గిపెట్టెకి కొంచెం పెద్ద. అంత చిన్నది అప్పటిదాకా నేను గీయలేదు.

గీశాను. మూడు సాయంత్రాలు పట్టింది. మావయ్య కరిగించాడు, చిల్లులు పెట్టాడు, ఒక ట్రాన్సిస్టర్ తీసుకుని కాళ్ళు దూర్చబోయి ఆగిపోయాడు. తిప్పి చూశాడు. మళ్ళీ తిప్పాడు.

"ఓలమ్మో. తిరగేసి గియ్యాల్సిందే ఇది."

సామాను ఒకవైపు ఉంటుంది, రాగి గీతలు రెండోవైపు. పైనుంచి చూసిన బొమ్మని రాగి మీద ఉన్నదున్నట్టు గీస్తే అంతా ఎడమకి కుడిగా వస్తుంది. నాకెవరూ చెప్పలేదు. ఇంతకుముందు బోర్డులన్నీ మావయ్యే కార్బన్ కాగితంతో తిరగేసి అచ్చువేసి ఇచ్చేవాడు, నేను వాటి మీద గీసేదాన్ని. ఇది చిన్నది కదా, కాగితం ఎందుకని నేనే చూసి గీసేశాను. నాకు తెలుసనుకున్నాను.

ఏడ్చాను. అది మా దగ్గరున్న ఆఖరి రేకు. మావయ్య తిట్టలేదు. "ముగ్గుని నేల కిందకెల్లి సూస్తే ఎలగుంటాదో ఆలోసించు. అలగ గియ్యాల," అన్నాడు. ఆదివారం పూర్ణా మార్కెట్ దగ్గర పాతసామాను కొట్లన్నీ తిరిగి, ఓడల మీంచి దిగిన చెత్తలోంచి మంచి రేకు ఒకటి పట్టుకొచ్చాడు. అప్పటిదాకా అరచెయ్యంత ముక్క కోసం ఆయన అంత తిరగడం నేను చూడలేదు.

ఈసారి కాగితాన్ని కిటికీ అద్దానికి ఆనించి వెనకనుంచి గీసుకున్నాను. ఆ వారమంతా వాయుగుండం. ముసురు వదల్లేదు. గోళ్ళ రంగు ఆరదు. పొయ్యి గట్టు మీద పెట్టి ఆరబెట్టాను. ఎండలో పెడితే వెచ్చబడే మందునీళ్ళు చల్లగా మొద్దుబారి కూర్చున్నాయి. పింగాణీ పళ్ళెంలో పోసి, దాన్ని వేన్నీళ్ళ గిన్నె మీద పెట్టి, అటూ ఇటూ ఊపుతూ కూర్చున్నాను. మధ్యాహ్నం అన్నం తిని మొదలుపెడితే దీపాలు పెట్టే వేళ దాకా. పక్కన అమ్మ చారు కాస్తోంది. మొదట అంచుల్లో రాగి మసకబారింది. తరవాత గోధుమరంగు అట్ట మొహం చూపించింది. ఒక్కసారిగా రాగి అంతా పోయి, ఎర్రటి గీతలు మాత్రం నీళ్ళ కింద తేలినట్టు కనిపించాయి. ఒక్కటి కూడా తెగలేదు. ఒక్కటి కూడా పక్కదాన్ని ముట్టుకోలేదు. తరవాత జీవితంలో చాలా పనులు చేశాను. అంత శుభ్రమైన పని ఇంకోటి చేశానో లేదో తెలియదు.

ఆదివారం పొద్దున్న నాన్న స్నానం చేసి బనీనుతో అరుగు మీద కూర్చున్నాడు. మావయ్య వెళ్ళి ఎదురుగా కూర్చుని సబ్బుపెట్టె చేతిలో పెట్టాడు.

"ఏట్రా ఇది?"

"జేబులో ఎట్టుకో బావా. ఈ బుడిపి సెవిలో ఎట్టుకో."

నాన్న నా వైపు చూశాడు. చెప్పేశానని అర్థమైపోయింది. కోప్పడతాడనుకున్నాను. మెల్లగా ఇయర్‌ఫోన్ తీసుకుని చెవి దగ్గరికి తెచ్చాడు. అది కీచుమని ఒకటే కూత. నేనూ మావయ్యా చెవులు మూసుకున్నాం. నాన్న మొహం మాత్రం విప్పారింది.

"పిట్టేటి ఇది?"

ఆ కూతైనా ఆయనకి వినబడింది మరి. మావయ్య గబగబా లోపల స్క్రూ ఒకటి తిప్పాడు. కూత ఆగింది. నాన్న తల పక్కకి వాల్చి కదలకుండా కూర్చున్నాడు.

"ఇదేటి సప్పుడు, సుయ్ సుయ్‌మని?"

"అమ్మ తాలింపు వేస్తోంది నాన్నా."

"తాలింపా," అన్నాడు. చాలాకాలం కిందట తెలిసిన మనిషి పేరు విన్నట్టు.

లోపల అమ్మకి ఇవేమీ తెలియవు. ఎప్పటిలాగే గొణుగుతోంది. ముగ్గురూ పొద్దున్నే అరుగు మీద కూర్చున్నారని, నీళ్ళెవరు తెస్తారని, ఈ ఇంట్లో బండరాయితో కాపురం చేస్తున్నానని. నాన్న లేచి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇన్నాళ్ళూ ఇలగే తిడతన్నావేటే నన్ను?"

అమ్మ గరిటెతోనే వెనక్కి తిరిగింది. జేబులో పెట్టెని, చెవిలోకి పోతున్న వైరుని, మా మొహాలని చూసింది. మావయ్య రెండు ముక్కల్లో చెప్పాడు. అమ్మ గరిటె కింద పెట్టి, చెంగుతో మొహం మూసుకుని, నేల మీద కూలబడిపోయింది.

"నానేటేటో అనుకున్నాను. ఇంకొకత్తి ఎవుతైనా ఉందేమోననుకున్నాను. సెవుడొచ్చిందని సెప్తే నానేటి వద్దంటానా? సెప్పొచ్చు కదయ్యా!"

"సిగ్గేసినాదే," అన్నాడు నాన్న.

తాలింపు మాడిపోయింది. ఆరోజు మాడిన పప్పే తిన్నాం. ఎవరూ మాట్లాడకుండా తింటుంటే నాన్న నా వైపు తిరిగి, "గుంటా, నువ్వేదైనా మాటాడు," అన్నాడు.

"ఏం మాట్లాడను నాన్నా?"

ఆయన కంచంలో చెయ్యి ఆగిపోయింది. నన్నే చూస్తూ ఉండిపోయాడు.

"నీ గొంతు ఎప్పుడు మారిపోనాదే? మా అమ్మ గొంతొచ్చేసినాది నీకు."

నాన్నమ్మని నేను చూడలేదు. ఆవిడ గొంతు నాలో ఉందని నాకా రోజే తెలిసింది. నాన్న లెక్కలో నేనింకా ఎప్పటిదో చిన్నపిల్ల గొంతుతో ఉండిపోయానని కూడా ఆ రోజే తెలిసింది.

పోర్టుకి పెట్టుకెళ్ళడానికి నాన్న మొదట ఒప్పుకోలేదు. "ఎవులైనా అడిగితే కిరికెట్టు ఇంటన్నానని సెప్పు బావా," అన్నాడు మావయ్య. ఆ రోజుల్లో జేబు రేడియో పెట్టుకుని చెవిలో వైరుతో తిరిగే మగవాళ్ళు వీధికొకరు. నాన్న ధైర్యం చేశాడు. మొదటిరోజే ఒకాయన "స్కోరెంత బావా?" అన్నాట్ట. నాన్నకి క్రికెట్ గురించి ఒక్క ముక్క తెలియదు. "మనవోళ్ళు ఆడతన్నారు," అన్నాట్ట. అది ఇంటికొచ్చి చెప్పి పడీపడీ నవ్వాడు. అందరికన్నా ముందు ఆయనే నవ్వడం నేనప్పుడే చూశాను.

నెల తిరక్కుండానే ఆ నాటకం ఆపేశాడు. ఎవరూ పట్టుకోలేదు. తనే ఫోర్‌మన్ దగ్గరికెళ్ళి చెప్పేశాడు. ఆ సాయంత్రం ఇంట్లో అందరం భయంగా కూర్చుంటే మావయ్యకి ఇలా చెప్పాడు.

"నీ పెట్టె బాగానే ఇనిపిస్తన్నాదిరా. కూత ఇనబడతాది. ఏ పక్కనుంచో తెలీదు. నిన్న వేగన్ల మధ్య నాతోటి ఇంకో మనిషి ఉన్నాడు. నాను తప్పుపక్కకి తిరిగినాను. ఏటీ అవలేదు. అయితే? నా పేనం సరే, ఆడి పిల్లలకి నానేటి సెప్తాను?"

మెడికల్‌కి పంపారు. కానీ పనిలోంచి తీసెయ్యలేదు. సామాను గిడ్డంగిలో, తాళ్ళూ గొలుసులూ ఇచ్చిపుచ్చుకునే చోట వేశారు. జెట్టీ గాలికి అలవాటైన మనిషి చీకటి గదిలోకి వెళ్ళాడు. ఆ లోటు ఆయనకి చివరిదాకా ఉంది. గాలి ఎటునుంచి వీస్తోందో వాకిట్లో నిలబడి చెప్పేవాడు, ఎవరూ అడక్కపోయినా. కానీ ఫోర్‌మన్‌కి చెప్పేసి వచ్చిన సాయంత్రం అమ్మ ఆయనకి వడ్డించిన తీరు నాకింకా గుర్తుంది. దేవుడికి పెట్టినట్టు పెట్టింది.

మరో రెండేళ్ళకి మావయ్యకి స్టీల్ ప్లాంటులో మీటర్లు చూసే ఉద్యోగం వచ్చింది. కూర్మన్నపాలెం పక్కన క్వార్టరు. రేకు పెట్టె మళ్ళీ భుజానికెత్తుకున్నాడు. ఐరన్ మాత్రం నాకిచ్చి వెళ్ళాడు. ఆయన వెళ్ళాక కూడా కొన్నాళ్ళు గీశాను గానీ, పక్కన కూర్చుని "అబ్బ, ఏం సెయ్యే నీది" అనేవాళ్ళు లేకపోతే ఆ పని అంత రుచించలేదు. తరవాత చదువు, పెళ్ళి, పెందుర్తిలో ఇల్లు. ఇప్పుడు మావయ్య లేడు. అమ్మా నాన్నా లేరు. ఆ పెంకుటింటి చోట మూడంతస్తుల మేడ లేచింది. పూర్ణా మార్కెట్ దగ్గర ఆ పాతసామాను కొట్లు ఎక్కడుండేవో వెతికినా ఆనవాలు దొరకలేదు. ఆ రోజుల్లోకి వెళ్ళాలంటే ఇక దారి లేదు.

నాన్నకి తరవాత డాక్టరు రాసిచ్చిన మంచి యంత్రం వచ్చింది, చెవి వెనక కనబడకుండా పెట్టుకునేది. అదొచ్చేదాకా నాలుగేళ్ళు సబ్బుపెట్టెతోనే నెట్టుకొచ్చాడు. ఆ నాలుగేళ్ళలో ఒక సాయంత్రం ఉంది. దాని గురించి ఎవరికీ చెప్పలేదు.

మావయ్య వెళ్ళిన ఏడాది. సెల్స్ నీరసించాయి. ఎండలో పెట్టి తీస్తే ఇంకో పూట పనిచేసేవి, అలా రెండుమూడు రోజులు లాగాం. అమ్మ పక్కింటికి వెళ్ళింది. నేనూ నాన్నా అరుగు మీద కూర్చున్నాం. సముద్రం మీంచి గాలి మొదలైంది. నాన్న జేబు సర్దుకుని, "ఏదైనా సెప్పే గుంటా," అన్నాడు.

బడి గురించి మొదలుపెట్టాను. లెక్కల టీచరు గురించి, నా పక్క బెంచీ పిల్ల అబద్ధాల గురించి, నేను చదవబోయే చదువుల గురించి. నాన్న తల ఊపుతున్నాడు. నడుమ నవ్వుతున్నాడు. గూడ్సు ఒకటి పోయింది, అది పోయేదాకా ఆగి మళ్ళీ అందుకున్నాను. చెప్తూ చెప్తూ ఒకచోట, "అవునా నాన్నా?" అన్నాను. తల ఊపాడు. "కాదా?" అన్నాను. అలాగే ఊపాడు.

సెల్స్ ఎప్పుడు అయిపోయాయో తెలియదు. గూడ్సుకి ముందో, వెనకో. ఆయన నా పెదాల వైపు కూడా చూడడం లేదు. నా మొహం వైపు చూస్తున్నాడు, ఊరికే. ఆపేద్దామనుకున్నాను. ఆపితే తనకి వినబడటం లేదని నాకు తెలిసిపోయిందని ఆయనకి తెలుస్తుంది.

అందుకని ఆపలేదు. అమ్మ వచ్చి దీపం వెలిగించేదాకా మాట్లాడుతూనే ఉన్నాను. బడి కబుర్లు అయిపోయాక, ఆయనకి వినబడితే ఎన్నడూ చెప్పలేని మాటలు కూడా చెప్పాను. పట్టాల మీద ఆ రోజు నాకెంత భయమేసిందో చెప్పాను. ఆయన లేకపోతే నేనేమైపోతానో చెప్పాను. నాన్న నన్నే చూస్తూ, నవ్వుతూ, అన్నిటికీ తల ఊపుతూ కూర్చున్నాడు.